పుకారునకు పుట్టినిల్లు



మేకను భుజముపై మోసికొని పోవుచున్న బ్రాహ్మణుని కథ మీరెరిగినదే. దారిలో ధూర్తుడొకడు ఎదురుపడి, "అయ్యా, కుక్కను మోయుచున్నారేమి?" యనెను. బ్రాహ్మణుడు కోపించి ముందుకు సాగెను. కొంతదూరమున రెండవవాడును అదే మాట యనెను. మూడవవాడును అనుసరికి బ్రాహ్మణుడు మేకను దింపి స్నానమునకు పోయెను. ముప్పది యేండ్లు ఈ కథను బడిపిల్లలకు చెప్పి నవ్వించితిని. ఆ చెప్పుచుండిన కాలముననే నేనును ఒక మేకను దింపితినని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. ఆ సంగతియే నేడు మనవిచేసెదను.

ఆ కథలో గమనింపదగినది యొకటి కలదు. బ్రాహ్మణుని ఓడించినది ధూర్తుల మాట కాదు. ఆ ముగ్గురును ఒకరినొకరు ఎరుగనివారని ఆయన అనుకొనుట. ఒక రాజ్యము పరరాజ్యపు ప్రజలలో అసత్యమును నాటదలచినపుడు చేయు పనియు సరిగా నిట్టిదే.

1983వ సంవత్సరము జూలై 17వ తేదీన, ఢిల్లీలో వెలువడుచుండిన 'పేట్రియట్' అను ఆంగ్లపత్రికలో ఒక జాబు అచ్చుపడెను. వ్రాసినవాని పేరు లేదు. అమెరికాలో సుప్రసిద్ధుడైన శాస్త్రజ్ఞుడని మాత్రముండెను. పేరులేని సుప్రసిద్ధుడు! ఈ మాటలోని వైపరీత్యము వ్యాకరణము చదువనివానికైనను తట్టవలసినది. ఎయిడ్స్ అను క్రొత్తవ్యాధి అమెరికా సేనావర్గమువారు క్రిమియుద్ధమునకై చేసిన ప్రయోగములలో పుట్టినదనియు, ఆ ప్రయోగములను పాకిస్తానునకు తరలింపనున్నారనియు, భారతదేశమునకు అపాయము మూడినదనియు ఆ జాబు సారాంశము. పాకిస్తాను పేరు చేర్చినది ఎవరి చెవికోసమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ జాబు నాటి సోవియట్ గూఢచారిశాఖయగు కె.జి.బి.వారి చేతిపని యని పరిశోధకులు పలువురు నిర్ణయించిరి. రెండేండ్లు అది ధూళిలో పడియుండెను. 1985 సెప్టెంబరులో కె.జి.బి.వారు బల్గేరియా గూఢచారిశాఖకు ఒక లేఖ పంపిరి. ఈ వ్యాధి అమెరికావారి రహస్యప్రయోగఫలమను అభిప్రాయమును పరదేశములలో కలిగించు పని తాము సాగించుచున్నామని అందు తెలిపిరి. ఆ లేఖ తరువాతి కాలమున దస్తావేజులనుండి బయటపడినది. మరుమాసముననే మాస్కోలోని 'లితెరతూర్నయ గజేత' అను పత్రిక ఈ కథను విస్తరించి వ్రాసి, ఢిల్లీ పత్రికను సాక్ష్యముగ చూపెను. మాస్కో మాట మాస్కో నోట రాలేదు. మనదేశపు నోట వచ్చినట్లు చేయబడెను. రెండవ ధూర్తుడు మొదటివానిని చూపించి "ఆయనయు కుక్కయే యన్నాడు" అనినట్లు!

మూడవ నోరు తూర్పు జర్మనీలో దొరకెను. బెర్లిను నగరమున యాకోబ్ సేగల్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు ఇదే వాదమును శాస్త్రభాషలో వ్రాసెను. ఆయన తానే నమ్మి వ్రాసెనని తోచుచున్నది. నమ్మి పలుకువాడు దొరకినచో కూలికి పలుకువానితో పనియేమి? 1986లో హరారే నగరమున అలీనరాజ్యముల సభ జరిగినపుడు ఆ వాదము కరపత్రమై ప్రతినిధుల చేతులలో పడెను. ఆ యేడే లండనులోని ఒక ఆదివారపు పత్రిక దానిని ప్రచురించెను. 1987 మార్చిలో అమెరికా టెలివిజనువార్తలలోనే ఈ యారోపణము వినబడెను. 80కి పైగా దేశములలో, 30కి పైగా భాషలలో ఈ కథ తిరిగెనని లెక్క తేలినది.

ఇంతమంది ఎట్లు నమ్మిరందురా? కల్పనలో చిటికెడు నిజము కలదు. ఆ ప్రయోగములు జరిగినవని చెప్పబడిన ఫోర్ట్ డెట్రిక్ అను స్థలమున 1943 మొదలు 1969 వఱకు అమెరికావారు నిజముగనే క్రిమ్యాయుధములపై పనిచేసిరి. ఇక టస్కిగీ అను ఊరికడ 1932 నుండి 1972 వఱకు ఆ దేశపు ఆరోగ్యశాఖవారు సవాయిరోగము గల సుమారు 400 మంది నల్లజాతివారిని, మందు దొరకిన పిదపకూడ చికిత్స చేయక, రోగము ముదురుటను చూచుచు కూర్చుండిరి. ఇట్టి చరిత్ర గలవారిపై నింద మోపిన ఎవరు నమ్మరు? మంచి అబద్ధికుడు శత్రువు చేసిన పాపమును పెట్టుబడిగ పెట్టుకొనును.

నిజమేమనగా, ఈ వైరస్ మధ్య ఆఫ్రికాలోని చింపాంజీలనుండి ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున మనుష్యులకు సోకినది. కిన్షాసా నగరమున 1959లో తీసిన రక్తములో అది కనబడినది. సేగల్ చెప్పిన ప్రయోగములో 1977 ప్రాంతమునకు గాని అది పుట్టదు. పుట్టుకకు పదునెనిమిదేండ్ల ముందే బిడ్డ వీధిలో తిరుగునా?

ఇక నా మేక సంగతి. 1990 ప్రాంతమున ఒకనాటి సాయంకాలము రచ్చబండకడ లారీ నడుపు యువకుడొకడు నన్నడిగెను: "పంతులుగారూ, ఈ ఎయిడ్స్ అనునది నిజమేనా? మేము జాగ్రత్తపడవలెనా?" నేను పత్రికలో చదివినది జ్ఞాపకము తెచ్చుకొని, "అది అమెరికావారు తయారుచేసిన అస్త్రము, నాయనా! మనబోటివారు చేయగలిగినదేమున్నది?" అంటిని. అట్లనుటలో నాకు కొంత గర్వము కూడ కలిగెను. రహస్యము తెలిసినవాని గర్వము. అతడు తలయూచి వెడలిపోయెను. ఆ పిదప అతని సంగతి నేను కనుగొనలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఆ వ్యాధి మిక్కిలిగ వ్యాపించిన రాష్ట్రములలో ఒకటి యైనది. నా యొక్కమాటవలన అట్లయినదని యనను. కాని ఆ దినమున ఆ బిడ్డ అడిగిన ప్రశ్నకు కావలసిన ఉత్తరము వేరు. అది నాకు తెలియును కూడ.

1992లో రష్యా పరదేశగూఢచారిశాఖాధిపతి యగు ప్రిమకోవ్ ఇది తమవారు కల్పించిన కథ యని ఒప్పుకొనెను. ఆ యొప్పుకోలు మా రచ్చబండ వఱకు రాలేదు.

ఈ విద్య రష్యావారికే సొంతమనుట న్యాయము గాదు. 1948లో ఇటలీ దేశపు ఎన్నికలలో అమెరికా గూఢచారిసంస్థ తనకు అనుకూలమైన పక్షములకు రహస్యముగ ధనమిచ్చెను. పూర్వము ఒక రాజ్యమును చెరుపవలెనన్న మంత్రిని లోబరచుకొనెడివారు. ప్రజాప్రభుత్వమున రాజులము మనమే గనుక మన చెవియే కోటగుమ్మమైనది.

గుమ్మము తట్టుటకు ఇప్పుడు పత్రికతో కూడ పనిలేదు. 2016 మే 21వ తేదీన అమెరికాలోని హ్యూస్టను నగరమున, ఒక ఇస్లాము మతకేంద్రము ముంగిట వీధికి అటు కొందరు, ఇటు కొందరు చేరి ఒకరినొకరు దూషించుకొనిరి. ఒకరిని పిలిచినది టెక్సాసు అభిమానులదని చెప్పుకొనిన ఫేస్‌బుక్ పుట. రెండవవారిని పిలిచినది అమెరికా ముస్లిములదని చెప్పుకొనిన పుట. ఒక్కొక్కదానికి రెండులక్షలకు మించిన అనుచరులుండిరి. రెండు పుటలను నడిపినది రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున ఒకే కార్యాలయము! అయిన ఖర్చు సుమారు 200 డాలర్లని మరుసటి యేడు అమెరికా సెనేటు విచారణలో తెలిసినది. సింహముకడ ఎద్దునుగూర్చియు, ఎద్దుకడ సింహమునుగూర్చియు చెప్పిన దమనకుడైనను ఇరువురి యెదుట తానే నిలిచి మాటలాడెను. ఇచ్చట కబురుపెట్టినవాడు వీధిలో లేనే లేడు. వచ్చిన పౌరులు మాత్రము నిజమైనవారు, వారి కోపము నిజమైనది.

మొన్న మా యరుగుపై కూర్చున్న మిత్రుడొకడు తన ఫోనులోని వార్తయొకటి చదివి, కంటనీరు పెట్టుకొనెను. ఎవరు పంపిరంటిని. అల్లుడనెను. అల్లుని కెవరు పంపిరో కనుగొమ్మంటిని. ఆ పూటయే మాటలాడి, దుబాయిలోని స్నేహితుడని చెప్పెను. ఆ స్నేహితుని కెవరు పంపిరో తెలియుటకు మూడుదినములు పట్టినది; అతడును ఎవరో పేరెరుగని వానినుండి గ్రహించెనట. అంతలో కాఫీ వచ్చినది. మిత్రుడు ఫోనును జేబులో పెట్టుకొని, "అయితే ఇది మా తమ్మునికి పంపనా, మాననా?" యని నన్నడిగెను.