పూతకు వచ్చిన చలి, బండెక్కిన చలి

ధనుర్మాసంలో తెల్లవారుజామున ఐదున్నరకు నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వైపు సాగే బండ్లను చూస్తే మన ప్రాంతం ఎంత పొద్దున్నే పనిలో పడుతుందో తెలుస్తుంది. సీటుకు రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించుకున్నవాళ్లు, వెనక ఆకుకూరల మూట కట్టుకున్నవాళ్లు, జంక్షన్‌లో బండి పెట్టేసి విజయవాడ బస్సు అందుకోవాల్సిన ఉద్యోగులు, మామిడి తోటల్లో మందు కొట్టడానికి జంటగా బయల్దేరిన కూలీలు. ఒంటి మీద స్వెట్టరు, తలకు మంకీ క్యాపు, మెడకు తుండుగుడ్డ ఉంటాయి. చేతులకు మాత్రం ఏమీ ఉండదు.

"మనకేం చలి, ఇదేమన్నా కశ్మీరమా" అనే మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. థర్మామీటరు కూడా ఆ మాటకే వత్తాసు పలుకుతుంది. లంబసింగిలో నీళ్లు గడ్డకట్టే దాకా వెళ్లే చలి ఇక్కడికి రాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఈ మెట్ట ఊళ్లలో మామూలుగా 16, 17 డిగ్రీలుంటాయి. ఉత్తరాది గాలి గట్టిగా దిగిన రోజుల్లో ఇంకొంత తగ్గుతుంది. అయినా ఇరవై కిలోమీటర్లలోపే బండి నడిపి వచ్చిన మనిషి టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకోలేక రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంటాడు. వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. అతను నాజూకు మనిషేమీ కాదు. థర్మామీటరు ఒక చోట నిలబడి చలిని కొలుస్తుంది, అతను గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దాన్ని చీల్చుకుంటూ వచ్చాడు.

మన చర్మం దాదాపు 33 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. దాన్ని ఆనుకుని కొద్ది మిల్లీమీటర్ల మందంలో గాలి పొర ఒకటి ఒంటి వేడితోనే వెచ్చబడి, కంటికి కనిపించని దుప్పటిలా నిలుస్తుంది. కదలకుండా కూర్చుంటే ఆ పొర అలాగే ఉండి మనల్ని కాపాడుతుంది. గాలి వీచినా, మనమే గాలిలోకి దూసుకెళ్లినా అది పలచబడిపోతుంది. ఊడిపోయిన వెచ్చని గాలి స్థానంలోకి ప్రతి క్షణం కొత్తగా చల్లని గాలి వచ్చి వేడిని పట్టుకుపోతుంది. మెల్లగా నడిచే మనిషి వేళ్ల నుంచి పోయే వేడితో పోలిస్తే, 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడి వట్టి వేళ్ల నుంచి మూడు నాలుగు రెట్లు పోతుంది. సన్నగా ఉన్న వస్తువు చుట్టూ ఆ పొర ఇంకా పలచగా ఉంటుంది కాబట్టి తొడ కంటే వేలికి నష్టం ఎక్కువ. హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు అన్నిటికంటే ముందుండి, అన్నిటికంటే సన్నగా ఉండి, గాలికి ఎదురొడ్డి ఉంటాయి.

ఈ లెక్కను మొదట కొలిచినవాళ్లు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే అమెరికన్లు. 1939–41 మధ్య అంటార్కిటికాలో ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి గాలిలో వేలాడదీసి, ఏ గాలికి అవి ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో రాసుకుని 1945లో ప్రచురించారు. మనిషి ముఖం నీళ్ల సీసా కాదు కదా. అందుకే 2001లో అమెరికా, కెనడా వాతావరణ శాఖలు మనుషుల ముఖాలకే సెన్సర్లు అంటించి, గాలి సొరంగంలో నడిపించి కొత్త సూత్రం కట్టాయి. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి ఐదారు డిగ్రీల చలి తగిలినట్టే ఉంటుంది. ఆ సూత్రాన్ని 10 డిగ్రీలు, అంతకు దిగువకే కట్టారు గనుక మన 16 డిగ్రీలకు ఆ అంకెలు పెట్టి చెప్పకూడదు. జరిగే పని మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. గాలి ఎంత వీచినా పొడి వస్తువును గాలి ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు, అక్కడికి త్వరగా చేర్చగలదు, అంతే. కాబట్టి 16 డిగ్రీల గాలిలో వేళ్లు గడ్డకట్టవు. కానీ అంత దూరం పోనక్కర్లేదు. వేళ్ల చర్మం 15 డిగ్రీల దాపుకు వస్తేనే చేతి పనితనం దెబ్బతింటుంది. కీళ్లలోని జిగురు చిక్కబడుతుంది, నరాల్లో సంకేతాల వేగం తగ్గుతుంది, స్పర్శ మందగిస్తుంది. క్లచ్చు ఎంత వదిలామో, ముందు బ్రేకు ఎంత నొక్కామో చెయ్యి సరిగ్గా చెప్పలేదు. 50 కిలోమీటర్ల వేగంలో అర సెకను ఆలస్యమైతే బండి 7 మీటర్లు ముందుకు పోతుంది. చలిని ఓర్చుకోవడం మగతనం అనుకునే కుర్రాళ్లు ఈ 7 మీటర్ల సంగతి ఒక్కసారి ఆలోచించాలి.

చేతులు చల్లబడటానికి గాలి ఒక్కటే కారణం కాదు. ఒంటి నడిమి భాగం చల్లబడుతోందని మెదడు గుర్తించిందంటే గుండెకూ కాలేయానికీ వేడి మిగల్చడానికి చేతుల్లోని, పాదాల్లోని సన్న రక్తనాళాలను బిగిస్తుంది. అంటే ఛాతీకి గాలి కొడుతుంటే చేతులకు వెచ్చని రక్తం అందదు. 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు ఒక విచిత్రం గమనించాడు. వేళ్లను మంచు నీళ్లలో ఉంచితే కొద్ది నిమిషాలకు బిగిసిన నాళాలు వాటంతటవే తెరుచుకుని వేళ్లు కాసేపు వెచ్చబడతాయి, మళ్లీ బిగుస్తాయి, మళ్లీ తెరుచుకుంటాయి. ఒళ్లు వెచ్చగా ఉన్నవాడిలో ఈ ఏర్పాటు బాగా పనిచేస్తుంది, ఒళ్లు చల్లబడ్డవాడిలో బలహీనపడుతుంది. అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది గ్లవుజుల గురించి కాదు, ఛాతీ గురించి. అల్లిక స్వెట్టరు వేడిని నిలబెడుతుంది, గాలిని ఆపదు. దాని కన్నాల్లోంచి గాలి నేరుగా లోపలికి వస్తుంది. పైన జర్కిన్ వేసుకున్నా, వానకోటు వేసుకున్నా స్వెట్టరు అసలు పని చేయడం మొదలుపెడుతుంది. ఏదీ లేకపోతే చొక్కాకీ స్వెట్టరుకీ మధ్య నాలుగు మడతల దినపత్రిక పెట్టుకోవచ్చు. కాగితం గాలిని ఆపుతుంది, మడతల మధ్య గాలి నిలిచిపోతుంది. ఖర్చు లేని ఈ చిట్కాను యూరప్ సైకిల్ పందేల వాళ్లు కొండలు దిగేటప్పుడు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు.

ఇక బండి సంగతి. పొద్దున్నే సీటు తడిగా ఉంటుంది. వాకిట్లో నిలిపిన బండి సీటు చేత్తో తుడిస్తే నీళ్లు కారతాయి. పక్కనే మామిడి చెట్టు కింద పెట్టిన బండి సీటు పొడిగా ఉంటుంది. రెండు బండ్లకూ ఒకే రాత్రి, ఒకే గాలి. ఈ తేడాకు జవాబు చెప్పిన పుస్తకానికి రెండు వందల ఏళ్లు దాటాయి. విలియం చార్లెస్ వెల్స్ అనే లండన్ వైద్యుడు రాత్రిళ్లు తోటలో ఉన్ని ముక్కలు పెట్టి, తెల్లారాక తూచి చూసేవాడు. ఒక చెక్కను కాళ్ల మీద నిలబెట్టి దాని పైన ఒక ఉన్ని ముక్క, కింద ఒక ముక్క కట్టాడు. పైదానికి కిందిదాని కంటే చాలా ఎక్కువ మంచు పట్టింది. మంచు ఆకాశం నుంచి కురవడం లేదని, ఆకాశం కనిపించే వస్తువు తన వేడిని పైకి వెదజల్లి గాలి కంటే చల్లబడుతోందని, ఆ చల్లదనానికి దాని చుట్టూ ఉన్న ఆవిరే నీరవుతోందని 1814లో రాశాడు.

మబ్బు లేని రాత్రి ఆకాశం చాలా చల్లనిది. నేల, ఇనుము, రెగ్జిన్ అన్నీ కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వేడిని పైకి పంపుతాయి, పై నుంచి తిరిగి వచ్చేది తక్కువ. మామిడి కొమ్మ అడ్డం ఉంటే ఆ ఆకులు దాదాపు గాలి వెచ్చదనంతోనే ఉంటాయి గనుక పంపినంత వేడినీ దాదాపుగా తిరిగి ఇస్తాయి. గాలి వల్ల వచ్చే చలితో బండికి పని లేదు, ఆకాశం వల్ల వచ్చే చలి మాత్రం దానికి బాగా తగులుతుంది. రాత్రి ఒక రేకు కిందో చెట్టు కిందో పెడితే సీటు పొడిగా ఉంటుంది. తడి సీటు మీద కూర్చుంటే తొడల కింద బట్ట తడిసి, ఆ తడి ఆరేటప్పుడు దారి పొడవునా ఒంటి వేడిని పట్టుకుపోతుంది. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని దాటిస్తుంది కాబట్టి తడిసిన బట్ట చలికి అడ్డం కాదు.

ఈ ఆకాశపు చలి తోటలకు కావాలి. నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి, విస్సన్నపేట మామిడి రైతు డిసెంబరు రాత్రుల కోసం ఎదురుచూస్తాడు. బంగినపల్లి అయినా చిన్నరసం అయినా, ముదిరిన రెమ్మ ఆకు వేయాలా పూత పూయాలా అన్నది తేల్చుకోవడంలో రాత్రి చలిది పెద్ద చెయ్యి. రాత్రిళ్లు 15 డిగ్రీల దాపుకు దిగి, పగలు ఎండ కాసి, నేల కాస్త ఎండి ఉంటే పూత బాగా వస్తుంది. రాత్రులు వెచ్చగా ఉండి మబ్బు పట్టిన ఏడు పూత ఆలస్యమవుతుంది, లేదా కొత్త ఆకులే వస్తాయి. అదే రైతు పొగమంచును చూస్తే భయపడతాడు. పూత మీద తడి నిలిచిన చోట మచ్చ తెగులు పెరుగుతుంది, చల్లని తేమ రాత్రుల్లో బూడిద తెగులు వస్తుంది. పూత మీద వాలి పుప్పొడి మోయాల్సిన ఈగలు మంచులో కదలవు. ఈ ప్రాంతపు బతుకు పూత మీద అంతగా ఆధారపడింది కాబట్టే నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. మబ్బు లేని పొడి చలి మంచిది, మంచు కమ్మిన చలి చెడ్డది అన్న లెక్క చెట్టుకూ బండి మనిషికీ ఒక్కటే.

పొగమంచు ఎక్కడ ఉంటుందో ముందే ఊహించవచ్చు. చల్లబడ్డ గాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. తమ్మిలేరు, రామిలేరు వంటి వాగుల దగ్గర, చెరువు కట్టల కింద, కాలువ వంతెనల దగ్గర పేరుకుంటుంది. మెరక మీద తేటగా ఉన్న రోడ్డు పల్లంలోకి దిగగానే తెల్లగా మాయమైపోతుంది, మోకాళ్లకు ఒక్కసారిగా చలి కొడుతుంది. ఆ చలి తగిలిందంటే మంచు దగ్గరలో ఉన్నట్టే, యాక్సిలరేటరు తగ్గించడానికి అంతకంటే మంచి హెచ్చరిక లేదు. హై బీమ్ వేస్తే మంచు బిందువులు ఆ వెలుగును తిరిగి మన కళ్లలోకే చిమ్ముతాయి. డిమ్ లైటు నేల వైపు పడుతుంది కాబట్టి రోడ్డు అంచు గీతైనా కనిపిస్తుంది. ఖరీఫ్ కోతలయ్యాక జంక్షన్ వైపు రోడ్లకు ఇంకో ప్రమాదం ఉంది. ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు, పైన కప్పిన పట్టా మంచులో దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. తడిసిన గింజల మీద ముందు బ్రేకు పట్టుకుంటే టైరు జారుతుంది. కళ్లం దొరకని రైతు వడ్లు ఎక్కడ ఆరబోసుకోవాలన్నది న్యాయమైన ప్రశ్నే, కానీ రాత్రికి ఆ రాళ్లు రోడ్డు మీద వదిలేయడాన్ని మాత్రం నేను సమర్థించలేను.

రాత్రంతా నేల వేడిని పోగొట్టుకుంటూనే ఉంటుంది కనుక అతి తక్కువ ఉష్ణోగ్రత అర్ధరాత్రి కాదు, సూర్యోదయం సమయంలోనే వస్తుంది. పొద్దు పొడిచిన కాసేపటి వరకు మంచు ఇంకా చిక్కబడుతుంది కూడా. వెళ్లే వేళ మన చేతిలో ఉంటే ఏడున్నర దాకా ఆగడం మంచిది. పాలు పోసేవాళ్లకు, బస్సు అందుకోవాల్సినవాళ్లకు ఆ వీలుండదు. వాళ్లు వేగం తగ్గించుకోవచ్చు. 60 నుంచి 40కి తగ్గితే వేడి నష్టమూ తగ్గుతుంది, బ్రేకు పట్టాక ఆగే దూరం సగానికి దిగుతుంది.

హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టడం మంచు పట్టడానికి తమ్ముడే. ఊపిరి తడిగా, 34 డిగ్రీల వెచ్చదనంతో వచ్చి చల్లని అద్దానికి తగిలి చిన్న చిన్న బిందువులుగా మారుతుంది. అద్దం లోపల ఒక చుక్క సబ్బు నీరు పలచగా రాసి ఆరనిచ్చి పొడి గుడ్డతో తుడిస్తే నీరు బిందువులు కట్టకుండా పొరగా పరుచుకుంటుంది, చూపు ఆనుతుంది. మంకీ క్యాపు మీద హెల్మెట్ పెడితే అది వదులై, పడ్డప్పుడు జారిపోతుంది. పలచని నూలు టోపీ చాలు. మెడకు చుట్టిన తుండు కొసలను, ఆడవాళ్లయితే చున్నీ కొసలను జర్కిన్ లోపలికి దోపుకోవాలి. చక్రానికి చుట్టుకుంటే మిగిలేదేమీ ఉండదు.

ఇంజిన్‌కు చలి పెద్ద కష్టం కాదు. పెట్రోలు చల్లగా ఉంటే సరిగ్గా ఆవిరి కాదు, అందుకే పాత కార్బొరేటర్ బండ్లలో చోక్ లాగి గాలి తగ్గించేవాళ్లం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 ఇంజెక్షన్ బండ్లలో ఆ పని సెన్సర్లే చూసుకుంటాయి. బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది కాబట్టి పాత బ్యాటరీ ఉన్నవాళ్లు సెల్ఫ్‌తో కుస్తీ పట్టకుండా కిక్ కొట్టడం మేలు. టైర్లను మాత్రం ఎవరూ పట్టించుకోరు. మే నెల ఎండలో 29 పీఎస్‌ఐ కొట్టించిన గాలి, ఒక్క బుడగ కూడా పోకపోయినా, 15 డిగ్రీల తెల్లవారుజామున మూడున్నర పీఎస్‌ఐ దాకా తగ్గి ఉంటుంది. చలికాలం మొదట్లో ఒకసారి, అదీ పొద్దున్నే టైరు వేడెక్కకముందు, గాలి చూపించుకోవాలి.

గమ్యం చేరాక చాలామంది చేసే పని ఒకటుంది. మొద్దుబారిన చేతులను ఇంజిన్ దగ్గరో సైలెన్సర్ దగ్గరో పెట్టి కాచుకుంటారు. స్పర్శ లేని చర్మానికి కాలుతున్నట్టు తెలియదు, బొబ్బ వచ్చాకే తెలుస్తుంది. ఒంటి వేడి తిరిగి చేరడానికి చంకలే మంచి చోటు. నాలుగైదు నిమిషాలు అక్కడ ఉంచి, వేళ్లలో చిమచిమ మొదలైందంటే రక్తం తిరిగి వస్తున్నట్టు. అప్పుడు టీ గ్లాసు పట్టుకోవచ్చు.