క్విన్సీ స్టేషన్‌కి లిఫ్ట్ వచ్చిన కథ

మా పెద్దమ్మ కూతురు చికాగోలో ఎంఎస్ చేస్తోంది. ఒకరోజు వీడియో కాల్‌లో ఒక రైలు స్టేషన్ చూపించింది. చెక్క తలుపులు, పాతకాలం దీపాలు, ఎప్పటివో ప్రకటనల పోస్టర్లు... అచ్చం పీరియడ్ సినిమా సెట్‌లా ఉంది. "భలే ఉందక్కా!" అని నేనంటుంటే, పక్కనుంచి అమ్మమ్మ "అన్ని మెట్లు ముసలాళ్ళు ఎట్లా ఎక్కుతారే?" అంది. "లిఫ్ట్ ఉందిలే అమ్మమ్మా, ఈమధ్యే పెట్టారు" అంది అక్క.

ఆ 'ఈమధ్యే' అంటే ఎప్పుడా అని వెతికితే ఈ కథ దొరికింది.

ఆ స్టేషన్ పేరు క్విన్సీ. చికాగో నడిబొడ్డున వీధుల మీద ఇనుప స్తంభాలు నిలబెట్టి, వాటి మీద పట్టాలు వేశారు. ఆ రైళ్ళని అక్కడివాళ్ళు 'ఎల్' అంటారు. ఎలివేటెడ్‌కి అది ముద్దుపేరు. డౌన్‌టౌన్‌ని నాలుగు వీధుల మీదుగా చుట్టొచ్చే భాగం 'లూప్'. మనం ల్యాబ్‌లో పొరపాటున రాసే ఇన్ఫినిట్ లూప్ లాంటిదే, కాకపోతే ఇది 1897 నుంచి నడుస్తూనే ఉంది!

దీన్ని కట్టించింది చార్లెస్ యెర్కీస్ అనే వ్యాపారి. వీధి మీద పట్టాలు వెయ్యాలంటే ఆ వీధిలో స్థలాలున్నవాళ్ళ సంతకాలు కావాలి. తన కిటికీ ముందు రైలు చప్పుడు ఎవరికి కావాలి చెప్పండి? అందుకే ఆయన వేరువేరు కంపెనీలు పెట్టి, లూప్‌ని ముక్కలు ముక్కలుగా సాధించుకున్నాడు. 1897 అక్టోబర్ 3న క్విన్సీ తెరుచుకుంది. దాని గోడలు చూస్తే రాతి చెక్కడం అనిపిస్తుంది. నిజానికి అది అచ్చులో నొక్కి, రంగు వేసిన రేకు.

1970లలో ఈ లూప్ మొత్తాన్ని కూల్చేసి, భూగర్భ రైలు మార్గం వెయ్యాలనుకున్నారు. 1979లో ఆ ఆలోచన మానుకున్నారు. లూప్ ఉంటుందని తేలాక, ఒక్క స్టేషన్నైనా పాత రూపానికి తెద్దామనుకున్నారు. మిగతా వాటికంటే తక్కువ మార్పులు జరిగింది క్విన్సీకే కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. 1988కల్లా పని పూర్తయింది. దీపాలు, తలుపులు, ఆఖరికి గోడ మీద ప్రకటనలు కూడా 1897 నాటివాటిలాగే పెట్టారు.

ఇక్కడే నేను ఆగిపోయాను. 1897 నాటి స్టేషన్‌ని అంత నమ్మకంగా తిరిగి తెచ్చినప్పుడు, మెట్లు తప్ప వేరే దారి లేకపోవడం కూడా దానితోపాటే వచ్చేసింది. లెగసీ కోడ్‌ని కాపీ కొడితే బగ్ కూడా వస్తుంది కదా, అలాగన్నమాట. విచిత్రం ఏంటంటే, ఆ పక్కనే 110 అంతస్తుల విల్లిస్ టవర్ ఉంది. దాన్ని నిలబెట్టిన ఇంజనీర్ మన ఉపఖండం వాడే, ఢాకాలో చదువుకున్న ఫజ్లుర్ రహమాన్ ఖాన్. అంత ఎత్తుకి లిఫ్ట్‌లో వెళ్ళిపోవచ్చు. కానీ వీల్‌చైర్‌లో ఉన్న మనిషి పక్కనున్న రైలు ప్లాట్‌ఫాం ఎక్కలేడు!

1990లో అమెరికాలో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. క్విన్సీకి లిఫ్ట్ రావడానికి మాత్రం 2018 దాకా పట్టింది. అంటే స్టేషన్ పుట్టిన 121 ఏళ్ళకి! రెండు దిక్కుల రైళ్ళకీ వేరువేరు ప్లాట్‌ఫాంలు కాబట్టి రెండు లిఫ్ట్‌లు పెట్టారు. మెట్లు, రెయిలింగ్‌లు బాగుచేసి రంగులేశారు. పాత అందం ఎక్కడికీ పోలేదు.

లూప్‌లోనే ఇంకో పద్ధతి కూడా కనిపిస్తుంది. వాబాష్ వీధి మీద రెండు పాత స్టేషన్లకి బదులు 2017లో ఒకే కొత్త స్టేషన్ కట్టారు. మన భాషలో చెప్పాలంటే అది పూర్తి రీరైట్, క్విన్సీది ప్యాచ్. రెండూ పనిచేస్తున్నాయి. నాకైతే ప్యాచే నచ్చింది. పాతదాన్ని ఉంచాలా, అందరికీ దారివ్వాలా అని మనం తెగ వాదించుకుంటాం కానీ, క్విన్సీలో రెండూ కుదిరాయి. కాకపోతే చాలా ఆలస్యంగా. చికాగోలో లిఫ్ట్ లేని స్టేషన్లు ఇంకా ఉన్నాయి. అన్నిటికీ 20 ఏళ్ళలో సౌకర్యం కల్పిస్తామని 2018లోనే ఒక ప్రణాళిక ప్రకటించారు.

ఇదంతా చెప్తే అమ్మమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మోకాళ్ళు బాగున్నవాళ్ళు కడితే అంతే మరి" అంది.

రేపు మనం యాప్ కట్టినా, స్టేషన్ కట్టినా, టెస్టింగ్‌కి ముందు అమ్మమ్మని కూర్చోబెట్టాలి.