వెనుక ఇరుసు ఎందుకు కూస్తుంది?

ఆగి ఉన్న లారీని ఎప్పుడైనా వెనుకనుంచి వంగి చూశారా? రెండు పక్కల చక్రాలనూ కలుపుతూ లావుపాటి ఇరుసు కనిపిస్తుంది. ఆ ఇరుసు మధ్యలో గుమ్మడికాయలాంటి బుడిపె ఒకటి ఉంటుంది. (చూడటం దూరం నుంచే సుమా! లారీ కిందికి దూరవద్దు.) ఆ బుడిపెలో నూనెలో మునిగి తిరిగే పళ్ళచక్రాల అమరికే డిఫరెన్షియల్.

దాని అవసరం ఏమిటి? బండి మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం, లోపలివైపు చక్రం తక్కువ దూరం పోవాలి. రెండింటి మధ్య ఎడం ఒకటిన్నర మీటరు అనుకుందాం. బండి లంబకోణంలో ఒక్క మలుపు తిరిగేసరికి బయటి చక్రం సుమారు 2.36 మీటర్లు అదనంగా నడుస్తుంది. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. ఎందుకో వృత్తపరిధి సూత్రం వాడి మీరే తేల్చుకోండి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకుపోక తప్పదు. ఈ చిక్కు తీర్చే అమరికకు 1820ల చివర్లో ఫ్రాన్సు దేశంలో ఒనేసిఫోర్ పెకర్ అనే గడియారాల నిపుణుడు పేటెంటు పొందాడు. అది ఆవిరి బండి కోసం!

ఇప్పటి చిన్న కార్లు చాలావాటిలో డిఫరెన్షియల్ ముందువైపు గేరుపెట్టెలోనే ఉంటుంది. వేగానికి పేరుపడ్డ కార్లలో మాత్రం వెనుక చక్రాలను తిప్పేవి చాలా ఉన్నాయి. అమెరికాలో ఫోర్డు కంపెనీ చేసిన మస్టాంగ్ అలాంటిదే. 1986 నుంచి వి-8 ఇంజను మస్టాంగులకు వేసిన వెనుక ఇరుసును అక్కడి మెకానిక్కులు '8.8' అంటారు. అందులోని పెద్ద పళ్ళచక్రం వ్యాసం 8.8 అంగుళాలు. అదే క్రౌన్ వీలు. ఇంజను దగ్గరనుంచి వచ్చే పొడవాటి కడ్డీ చివర ఉండే చిన్న పళ్ళచక్రం పినియను. పినియను తిరుగుతూ క్రౌన్ వీలును తిప్పుతుంది. క్రౌన్ వీలు చక్రాలను తిప్పుతుంది.

కారు ఇంకా చురుకుగా ఉరకాలని కొందరు యజమానులు ఈ జతను మారుస్తారు. 3.08 నిష్పత్తి జత తీసి 3.73 జత వేయిస్తారు. కొత్త క్రౌన్ వీలుకు 41 పళ్ళు, పినియనుకు 11 పళ్ళు. భాగించి చూడండి, 3.73 వస్తుంది. కారు నిజంగానే చురుకవుతుంది. కాని కొందరికి వారం తిరక్కుండానే వెనుకనుంచి 'ఊఁ...' అని సన్నని కూత మొదలవుతుంది. వేగం పెరిగితే కూత హెచ్చుతుంది, తగ్గితే దిగుతుంది. ఏం పాడైంది? మళ్ళీ అన్నీ విప్పి కొత్తవి వేయాలా? అది చాలా ఖర్చుతో కూడిన పని. అలాగని వదిలేస్తే, బేరింగు అరిగి చితికిపోతున్నదే కారణమైతే, వేగంగా పోతున్న కారుకు వెనుక చక్రాలు బిగుసుకుపోవచ్చు. అందుకే మంచి మెకానిక్ ముందు రెంచి పట్టుకోడు, చెవి పెడతాడు.

చెవికి ఏం తెలుస్తుంది? సైకిలును స్టాండు వేసి, వెనుక చక్రం తిప్పి, ఊచలకు అట్టముక్క తగిలించి చూడండి. మెల్లగా తిరిగితే 'టక టక', వేగం పెరిగితే 'బర్ర్', ఇంకా పెరిగితే ఒకే స్వరం. (వేళ్ళు మాత్రం ఊచలకు దూరంగా ఉంచండి.) సైకిలు వెనుక చక్రానికి సాధారణంగా 40 ఊచలుంటాయి. సెకనుకు ఒక చుట్టు తిరిగితే 40 దెబ్బలు. మన క్రౌన్ వీలు పళ్ళు 41, దాదాపు అంతే! కారు టైరు చుట్టుకొలత రెండు మీటర్లు అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 11 చుట్లకు పైగా తిరుగుతుంది. 11.1ని 41తో గుణిస్తే 455. అంటే సెకనుకు 455 సార్లు ఒక పన్ను మరో పంటిని తాకుతోంది. పాశ్చాత్య సంగీతంలో వాద్యాలను శ్రుతి చేసుకునే స్వరం 440. మన కూత దానికి కాస్త పైన.

పళ్ళు సరిగ్గా కలిసినప్పుడు ఒక పన్ను తన బరువును తరువాతి పంటికి మెత్తగా అప్పగిస్తుంది. కలయిక కొంచెం తప్పితే ప్రతి అప్పగింతలోనూ చిన్న కుదుపు. ఆ కుదుపులే కూత.

అయితే ఆ కూత నిజంగా ఇరుసుదేనా? ముందుగా తేల్చవలసింది ఇదే. చాలామంది పొరబడేదీ ఇక్కడే. మెకానిక్ కారు ఆపి, గేరు తప్పించి, ఇంజనును అదే వేగంతో తిప్పి చూస్తాడు. శబ్దం అప్పుడూ ఉంటే దోషం ఇంజనుదో పొగగొట్టందో. ఇరుసుకు సంబంధం లేదు. తరువాత గరుకు రోడ్డుమీదా నున్నటి రోడ్డుమీదా నడిపి చూస్తాడు. రోడ్డుతోపాటు శబ్దమూ మారితే అది టైర్ల రొద. కారును కొంచెం కుడికీ ఎడమకీ ఊపుతూ పోయినప్పుడు హెచ్చుతగ్గులు వస్తే చక్రం దగ్గరి బేరింగును అనుమానించాలి. బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క బేరింగు ఎక్కువగా మూలుగుతుంది.

అవేవీ కాదని తేలాక ముఖ్యమైన పరీక్ష. పంటికి రెండు ముఖాలుంటాయి గదా! యాక్సిలరేటరు నొక్కినప్పుడు పినియను ఒక ముఖంతో క్రౌన్ వీలును తోస్తుంది. కాలు తీసేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. బరువు రెండో ముఖం మీద పడుతుంది. నొక్కినప్పుడే కూస్తే మొదటి ముఖంలో, కాలు తీసినప్పుడే కూస్తే రెండో ముఖంలో కలయిక చెడిందన్నమాట. కాలు పెట్టినా తీసినా ఆగని బరువైన 'గుర్ర్...' మాత్రం బేరింగులది.

నొక్కీ తీసీ చేసినప్పుడు 'ఠంగ్' అని ఒక్క దెబ్బ వినిపిస్తే ఎక్కడో వదులు ఎక్కువైంది. అది పళ్ళ మధ్యే కానక్కరలేదు, కడ్డీ చివరి జాయింటు అరిగినా అదే శబ్దం. మెల్లగా పోయేటప్పుడు చక్రం ఒక చుట్టుకు ఒక 'టక్' వస్తే క్రౌన్ వీలులో పన్ను విరిగింది. చుట్టుకు దాదాపు నాలుగు వస్తే విరిగింది పినియను పన్ను. లెక్క మీకు తెలిసిందే: 3.73!

మలుపులో మాత్రమే 'గడగడ'మని వణికే శబ్దం వేరే కథ. మామూలు డిఫరెన్షియలుకు ఒక లోపం ఉంది. ఒక చక్రం బురదలో జారితే శక్తంతా అక్కడే వృథా అవుతుంది, రెండోది కదలదు. మన పొలాల్లో ట్రాక్టరుకు ఇందుకే ఒక లాకు ఉంటుంది. మస్టాంగులో లాకుకు బదులు పలుచని బిళ్ళలను వరుసగా పేర్చి స్ప్రింగుతో నొక్కి ఉంచుతారు. చక్రం ఒంటరిగా జారబోతే ఆ ఘర్షణ దాన్ని పట్టి ఉంచుతుంది. మలుపులో మాత్రం ఈ బిళ్ళలు మెత్తగా జారాలి. నూనెలో తగిన మందు లేకపోతే అతుక్కుని, విడివడి, మళ్ళీ అతుక్కుంటాయి. వయొలిన్ తీగను కమాను మోగించేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. ఇంత గడబిడకూ చికిత్స ఏమిటో తెలుసా? ఘర్షణను సరిదిద్దే ద్రవం సుమారు 120 మిల్లీలీటర్లు నూనెలో కలిపి, ఖాళీ స్థలంలో కారును మెల్లగా ఎనిమిది అంకె ఆకారంలో కొన్నిసార్లు తిప్పడం. అప్పటికీ తగ్గకపోతేనే బిళ్ళలు మార్చాలి.

మన 'ఊఁ' కూతకు మాత్రం మూత విప్పక తప్పదు. నూనె వంపగానే గంధకం కంపు గుప్పున కొడుతుంది. ఇక్కడి పినియను క్రౌన్ వీలు నడిమధ్యకు కాక కొంచెం కిందుగా కలుస్తుంది. దానివల్ల పళ్ళు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక గట్టిగా రాసుకుంటూ జారుతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది కనుక గంధకం కలిసిన ప్రత్యేకమైన నూనె పోస్తారు.

తరువాత చేసే పని నాకు భలే ఇష్టం. కొన్ని పళ్ళకు పసుపు రంగు పూసి చక్రాన్ని చేత్తో తిప్పుతారు. రంగు చెదిరిన చోట పళ్ళు ఎక్కడ తాకుతున్నాయో ముద్ర పడుతుంది, స్టాంపుప్యాడు మీద వేలిముద్రలాగా. ముద్ర పంటి నడుమ పడితే కలయిక బాగున్నట్లు. మొదలు దగ్గర పడితే పినియను మరీ లోపలికి వచ్చింది. కొన దగ్గర పడితే మరీ బయట ఉంది. పినియను తల వెనుక షిమ్ అనే పలుచని ఉక్కు ఉంగరం ఉంటుంది. దాన్ని మార్చి సరిచేస్తారు. ఆ మార్పు ఎంతనుకున్నారు? ఒక్కోసారి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, ఇంచుమించు మీ తలవెంట్రుకంత. అక్కడే తేడా వచ్చి ఉంటే కారు వారం రోజులుగా కూస్తున్నది ఆ వెంట్రుకవాసి కోసమే!

ముద్రతోపాటు పళ్ళ మధ్య వదులు కూడా కొలవాలి. ఈ ఇరుసులో అది 0.20 నుంచి 0.38 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. తక్కువైతే పళ్ళు వేడెక్కి పట్టేస్తాయి, ఎక్కువైతే ఠంగుమంటాయి. బిగించేటప్పుడు మరో జాగ్రత్త: పినియను బేరింగుల మధ్య నొక్కుకుపోయే మెత్తని ఉక్కు గొట్టం ఒకటి ఉంటుంది. నట్టు కాస్త ఎక్కువ బిగిస్తే అది అతిగా నలుగుతుంది. వెనక్కి వదులు చేస్తే కుదరదు, కొత్త గొట్టం వేయవలసిందే. పళ్ళు అరిగి గాళ్ళు పడి ఉంటే పినియను ఒక్కటీ మార్చడం పనికిరాదు. ఆ రెండింటినీ ఫ్యాక్టరీలోనే ఒకదానితో ఒకటి ఒరిపిడి పెట్టి జతగా తయారుచేస్తారు.

కొత్త జత వేశాక యజమాని మొదట మెల్లగా కొద్ది దూరం నడిపి, ఆపి, ఇరుసును చల్లారనిస్తాడు. అలా కొన్నిసార్లు చేసి, 800 కిలోమీటర్లు తిరిగాక నూనె మారుస్తాడు. తీసిన నూనెను మెకానిక్ రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తాడు. మెత్తని వెండిపొడిలా తగిలితే పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడుతున్నట్లే. గోటికి ముక్క తగిలిందా, మళ్ళీ పసుపు రంగు డబ్బా తెరవవలసిందే.