పొలిమేర దాటని వైద్యపు బీమా

ఇంటి జమాఖర్చులు చూచుకొనుట ఇల్లాండ్రకు క్రొత్తగాదు. కాని వైద్యపు బీమా యను మాట వచ్చినంతనే అది పురుషుల వ్యవహారమని మనలో ననేకులు ప్రక్కకు దొలగుదురు. రోగి చెంత రాత్రులు మేల్కొనువారము మనము. సొమ్ము చాలనప్పుడు మెడలోని నగ తీసి యిచ్చువారమును మనమే. కావున కార్డుపై నెన్ని లక్షలు వ్రాసియున్నవను దానికంటె, అది యే యూరి యాసుపత్రిలో చెల్లునో తెలిసికొనుట మనకు ముఖ్యము.

మా శ్రీకాకుళము సీమలో నీ ప్రశ్న మఱింత పదునైనది. 1936 ఏప్రిలు 1వ తేదీని ఒడిశా ప్రత్యేకరాష్ట్రమైనపుడు బరంపురము, పర్లాకిమిడి అటు పోయినవి. ఇచ్ఛాపురము, పాతపట్నము ఇటు నిలిచినవి. గీత భూమిపై బడెనే గాని చుట్టఱికములపై బడలేదు. పిల్లనిచ్చుటయు, దెచ్చుకొనుటయు, పట్టుచీరల బేరమును నేటికిని సాగుచునే యున్నవి. ఇచ్ఛాపురమునకు బరంపురము సుమారు పాతిక కిలోమీటర్లు. విశాఖపట్టణమన్ననో యిన్నూఱు దాటును. గుండెనొప్పి వచ్చినవాని నెటు గొనిపోవుదురో చెప్పనక్కఱలేదు.

అయినను కార్డులకు పొలిమేరలున్నవి. 2007లో మన రాష్ట్రమున నారంభమైన ఆరోగ్యశ్రీ, ప్రభుత్వములు మాఱినపుడెల్ల పేరు మార్చుకొని యిపుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యైనది. రాష్ట్రముతో నొడంబడిక గల యాసుపత్రులలోనే యది చెల్లును. 2019 నవంబరు నుండి హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములలోని కొన్ని యాసుపత్రులను జేర్చిరి. మంచిదే. కాని ఉద్దానమువారికి చెన్నపట్టణ మెంత దూరము!

2018 సెప్టెంబరు 23న కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును ప్రారంభించెను. కుటుంబమునకు ఏటికి 5 లక్షల వఱకు వైద్యము. కార్డు ఏ రాష్ట్రమందైనను చెల్లునని దాని విశేషము. ఒడిశా మాత్ర మందు జేరక, ఆ యేటనే తనదియగు బిజూ స్వాస్థ్య కల్యాణ యోజనను నెలకొల్పెను. అందు స్త్రీలకు 10 లక్షల వఱకు నిచ్చుట మెచ్చదగినదే. కాని దేశమంతట చెల్లవలసిన మన కార్డు ప్రక్కయూర చెల్లకపోయెను. మే మెఱిగిన యొక యిల్లాలు 2022 వేసవిలో అర్ధరాత్రమున భర్తను సరిహద్దు కావలనున్న యొక యాసుపత్రికి గొనిపోగా, కార్డు చూచి త్రిప్పి యిచ్చిరట. మఱునాడామె కాసులపేరు తాకట్టుకు బోయెను. ప్రాణము దక్కినది, ఆ నగ మాత్ర మింకను ఇల్లు చేరలేదు.

2025 జనవరిలో ఒడిశా కేంద్రముతో నొడంబడిక చేసికొనెను. ఏప్రిలు 11న అచ్చట ఆయుష్మాన్ మొదలయ్యెను. ఇపుడా కార్డు పథకమున జేరిన యాసుపత్రులలో నిరుప్రక్కలను చెల్లును. అయితే వైద్యసేవకు అర్హులైన వారందఱును ఆయుష్మాన్‌కు అర్హులు గారు. మీ పెట్టెలో నున్న కార్డేదో తీసి చూడుడు. తెలియకున్న 14555 సంఖ్యకు ఫోను చేసి యడుగవచ్చును.

మన బిడ్డ లనేకులు కాపురమున్న అమెరికాలో నీ తగవు వేఱొక రూపమున నున్నది. 1945 నాటి చట్టముచే బీమా పెత్తన మచ్చట రాష్ట్రములదే. ఒక రాష్ట్రపు పాలసీ మఱొకచోట నమ్మరాదు. ఆ యడ్డు తీసిన వెల తగ్గునని కొందఱును, కంపెనీలు కట్టుబాట్లు తక్కువగు రాష్ట్రమున జేరి రోగిష్టులను విడిచిపెట్టునని కొందఱును వాదింతురు. 2011లో జార్జియా రాష్ట్రము తలుపు తెఱచి చూచెను. వెంటనే వచ్చిన కంపెనీ యొక్కటియు లేదు. క్రొత్తచోట వైద్యులతో ధరలు కుదుర్చుకొనుట యంత కష్టము!

మనదేశమున ప్రైవేటు బీమాకు అట్టి గీత లేదు. కంపెనీల కనుమతి యిచ్చు నియంత్రణసంస్థ హైదరాబాదున నున్నది. ఆ యనుమతి దేశమంతటికిని వర్తించును. కాని కొన్ని పాలసీలలో ఊళ్లను తరగతులుగా విభజించి, చిన్నయూరి ప్రీమియము కట్టినవారు మహానగరమున చికిత్స పొందినచో ఖర్చులో గొంత తామే భరింపవలెనని వ్రాయుదురు. సంతకమునకు ముందా పుట చదువవలెను.

ఇక పురిటికి వచ్చు బిడ్డల సంగతి. పర్లాకిమిడి నిచ్చిన పిల్ల పేరు అత్తవారి కార్డులో నుండును. సర్కారు ఆసుపత్రిలో కాన్పునకు సొమ్మక్కఱలేదు. ప్రైవేటుకు బోవలసి వచ్చిన నా కార్డిచ్చట గైకొందురో లేదో, ఆమె బయలుదేఱక మునుపే తల్లి కనుగొనియుంచవలెను. ఇంట డెబ్బదియేండ్లు నిండిన యత్తగారున్నచో, 2024 అక్టోబరు 29 నుండి ఆదాయముతో నిమిత్తము లేక వృద్ధులకు ఆయుష్మాన్ కార్డు వేఱుగా నిచ్చుచున్నారు. ఆధారు చూపిన జాలును.