చేతులు మొద్దుబారిన వేళ

అమెరికా ఉత్తరప్రాంతమునందలి మిన్నెసోటా రాష్ట్రమున, శీతకాలము ముదిరి సరస్సులన్నియు గడ్డకట్టి తెల్లని మైదానములై నిలిచినప్పుడు, జనులు వానిపై నిర్భయముగా నడచిపోయి, మంచులో జానెడు వెడల్పు రంధ్రము తొలిచి, దానిలోనికి గాలము వదలి, వాలై, పెర్చ్, పైక్ అను చేపలకై గంటలకొలది కనిపెట్టుకొని కూర్చుండుట చిరకాలముగా వచ్చుచున్న వేడుక. 4 డిగ్రీల సెల్సియస్ వద్ద నీరు మిక్కిలి సాంద్రమై అడుగునకు దిగుటచేతను, అంతకంటె చల్లబడినది తేలికయై పైననే గడ్డకట్టుటచేతను, ఆ కప్పు క్రింద మత్స్యజాతి క్షేమముగనే యుండును; పైనున్న మనుష్యుని క్షేమమే విచారింపవలసినది. మిన్నియాపొలిస్ పరిసరములలో మన తెలుగువారు కాపురము లుండుటచేత ఈ విచారము మన యిండ్లకును సంబంధించినదే.

అంగడిలో మొట్టమొదట కంటబడునవి చేపలను పట్టు సాధనములు: మోటారుతో తిరిగి మంచు తొలుచు ఆగర్లు, నీటి లోతున చేప జాడ చూపు సోనార్ యంత్రములు, మడచి కొనిపోదగిన గుడారములు. వీని గుణగణములను వర్తకులే వర్ణింతురు. నేను చెప్పదలచినది వేరు. మంచుపైకి కొనిపోవు ప్రతి వస్తువును, చేతులు మొద్దుబారిన పిదపకూడ ఇది నాకు ఉపయోగపడునా యని ప్రశ్నించి చూడవలెను.

ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన ఆధారము కలదు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయమునకు చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ శీతలజలమున మానవదేహము ఎట్లు ప్రవర్తించునో చిరకాలము పరిశోధించి, 1-10-1 అను సూత్రమును ప్రచారము చేసెను. నీట పడిన తొలి 1 నిమిషము, తనంతట తానే ఎగబీల్చు శ్వాసను అదుపునకు తెచ్చుకొనుటకే సరిపోవును. అటుపిమ్మట సుమారు 10 నిమిషములు మాత్రమే కాలుసేతులు మన వశమున నుండును. స్పృహ మాత్రము దాదాపు 1 గంట నిలుచును. అనగా, తెలివి యుండియు చేతులు లేని దీర్ఘకాల మొకటి యున్నదన్నమాట. మరణభయముకంటె ఆ నిస్సహాయతయే నన్ను ఎక్కువగా కలవరపెట్టును.

కావుననే, పిడి యమర్చిన రెండు ఉక్కుమేకులు, త్రాటితో జతకూర్చినవి, మెడలోనే వ్రేలాడుచుండవలెను. సంచి యడుగున నున్నచో అవి లేనట్లే. పడినవాడు, అంతవరకు తన బరువు మోసిన మంచు ఆ వైపుననే యున్నది కనుక, వచ్చిన దిక్కునకే తిరిగి, కాళ్లు బలముగా తన్ని దేహమును అడ్డముగా తేల్చి, మేకులు గ్రుచ్చి ప్రాకుచు వెలికి రావలెను. వచ్చినపిదప లేచి నిలువక దొర్లుచు దూరము పోవలెను. నీట తేలు దుస్తులు ఇంకను మేలు, ఏలయన వానికి చేతులతో పనియే లేదు. ఒడ్డువారు విసరు త్రాటి చివర భుజములు పట్టునంత వలయము, జారని ముడితో ముందే కట్టియుండవలెను.

పడకుండుట కొరకు గడ్డపలుగువంటి ఇనుపకడ్డీతో ముందడుగున మంచును పొడిచి చూచుకొనుచు పోవలెను. నడకకు కనీసము 4 అంగుళముల స్వచ్ఛమైన క్రొత్త మంచు కావలెనని మిన్నెసోటా ప్రకృతివనరుల శాఖ చెప్పుచున్నది. తెల్లని మంచునకు బలము సగమే. ఐనను మందమొక్కటే చాలదు. 2023 డిసెంబరు చివర అప్పర్ రెడ్ లేక్ అను అచటి సరస్సుపై మంచుపలక తీరమునుండి విడివడి కొట్టుకొనిపోగా, నూరుమందికి పైగా దానిపై చిక్కుకొనిరి. రక్షకదళములు పోయి వారిని ఒడ్డు చేర్చినవి. కనుక గాలి దిక్కును గూడ గమనింపవలెను.

అరణ్యమున నిప్పు రాజేయుటయందును మొద్దుబారిన చేతుల పరీక్షయే వర్తించును. జాక్ లండన్ 1908లో ప్రకటించిన ‘టు బిల్డ్ ఎ ఫైర్’ కథలో యూకాన్ చలిలో పాదములు తడిసిన మనుష్యుడు, చెట్టు క్రింద రాజేసిన నిప్పు కొమ్మలనుండి రాలిన మంచుచే ఆరిపోగా, వ్రేళ్లు చచ్చి, అగ్గిపుల్లలను అరచేతుల మొదళ్ల నడుమ నొక్కిపట్టవలసిన దుర్దశకు వచ్చును. చిన్న లైటరును నమ్మరాదు: దానిలోని బ్యూటేన్ సున్న డిగ్రీల దరిదాపుననే ఆవిరి యగుట మానును, లోజేబులో దేహపు వేడిమి తగులునట్లు దాచినచోనే పనికివచ్చును. గీచినంతనే నిప్పురవ్వలు రాల్చునదియు పిడికిట ఇమిడెడు లావుపిడిగలదియు నగు ఫెర్రో కడ్డీ, వాజలీన్ పట్టించిన దూది, తడిసినను మండెడు బర్చ్ చెట్టు బెరడు, ఈ మూడును ఉత్తమములు.

గుడారమున ప్రొపేన్ పొయ్యి వెలిగించువారు గాలి యాడు మార్గము నుంచి, కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మ్రోగు యంత్రమును తప్పక పెట్టుకొనవలెను. ఆ వాయువునకు వాసన లేదు.

నీటినుండి వెలువడినవాడు తన బొత్తాములు తానే విప్పుకొనలేడు. తడిసిన నూలుబట్ట దేహపు వేడిమిని హరించును గనుక, తోడివాడు ఆ బట్టను కత్తితో కోసియైనను తొలగించి, నీరు చొరని సంచిలో తెచ్చిన ఉన్నిబట్టలు తొడిగి, కంబళి చుట్టి, మద్యము పోయక, చేతులు కాళ్లు రుద్దక, మెల్లగా పరుండబెట్టి వైద్యునికి కబురు పంపవలెను.