పౌరుష గ్రంథి కాన్సరు: మాత్రలా, ఆహారమా?

పురుషుని మూత్రాశయము అడుగున, మూత్రమార్గమును చుట్టుకొని ఒక చిన్న గ్రంథి ఉన్నది. దీనినే పౌరుష గ్రంథి అనీ, ప్రోస్టేటు అనీ అంటారు. శుక్రద్రవములో కొంత భాగము ఇక్కడే తయారవుతుంది. 50 ఏండ్లు దాటినకొద్దీ ఈ గ్రంథికి కాన్సరు వచ్చే అవకాశము పెరుగుతూ పోతుంది.

వయస్సును ఎవరూ ఆపలేరు. తండ్రికో, అన్నదమ్ములకో ఈ వ్యాధి వచ్చి ఉంటే ముప్పు సుమారు రెండింతలు. అదీ మన చేతిలో లేదు. అయితే జపానులో ఈ వ్యాధి అరుదుగా ఉన్న రోజులలోనే, అమెరికాలో స్థిరపడిన జపాను కుటుంబాలలో అది హెచ్చుగా కనిపించింది. అక్కడ పరీక్షలు ఎక్కువగా జరగడము ఇందుకు కొంత కారణము కావచ్చును. కాని వంశము మారలేదు. తిండి, జీవన విధానము మారినవి. కనుక ఆహారములో రక్షణనిచ్చే పదార్థమేదో ఉన్నదా అనే ప్రశ్న పుట్టింది.

ఫిన్లాండులో పొగత్రాగే పురుషులు 29,133 మందిపై ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 1994లో వెలువడినవి. ఊపిరితిత్తుల కాన్సరును విటమిను-ఇ ఆపలేకపోయింది; కాని ఆ మాత్రలు పుచ్చుకొన్నవారిలో పౌరుష గ్రంథి కాన్సరు దాదాపు మూడవవంతు తగ్గినట్లు కనబడింది. సెలీనియము అనే మూలకముపై కూడా 1996లో ఇటువంటి ఆశే కలిగింది.

ఒక్క పరిశోధనను నమ్మి మందు పంచిపెట్టడము శాస్త్రపద్ధతి కాదు. అందుచేత 2001లో ఉత్తర అమెరికాలో 35,000కు పైగా పురుషులతో మరొక పరీక్ష ఆరంభమైనది. కొందరికి విటమిను-ఇ, కొందరికి సెలీనియము, కొందరికి రెండూ ఇచ్చారు. మిగిలినవారికి మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చినదీ వారికిగాని, వైద్యులకుగాని తెలియదు. ప్రయోజనమేమీ కనబడకపోవుటచే 2008లో మాత్రలు ఆపివేశారు. 2011లో మళ్ళీ లెక్కచూస్తే, ఏడేండ్లలో ఉత్తుత్తి మాత్రలవారిలో వెయ్యికి 65 మందికి ఈ కాన్సరు రాగా, విటమిను-ఇ ఒక్కటే పుచ్చుకొన్నవారిలో 76 మందికి వచ్చింది. రక్షిస్తుందనుకొన్నదే కీడు చేసింది!

ఆ మాత్రలోని విటమిను మన దినసరి అవసరానికి అనేక రెట్లు ఎక్కువ. వేరుసెనగపప్పులోనూ, ఆకుకూరలలోనూ ఉన్న విటమినుకు, ఇట్టి మోతాదుకు పోలిక లేదు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీను నూనెతో వండినప్పుడు ఒంటికి బాగా పడుతుంది. అది కాన్సరును ఆపుతుందని మాత్రము రుజువు కాలేదు. టమాటా కూర తినవచ్చును. ఆ పేరుతో మాత్రలు కొననక్కరలేదు.

ఇంతకన్న గట్టి ఆధారమున్న సంగతులు రెండు. స్థూలకాయులలో ఈ కాన్సరు తీవ్రరూపము దాల్చే ప్రమాదము హెచ్చు. పొగత్రాగేవారు ఈ వ్యాధితో మరణించే అవకాశము ఎక్కువ. కనుక పొగ మానవలెను, రోజూ నడవవలెను, కూరలు, పండ్లు, పప్పులు తింటూ బరువును అదుపులో ఉంచుకొనవలెను. వీటివలన గుండెకూ మేలే.

ఇంత చేసినా వ్యాధి రాదని హామీ లేదు. తొలిదశలో తరచు ఏ బాధా ఉండదు. మూత్రము సాఫీగా రాకపోతే అది కాన్సరే కానక్కరలేదు. వయస్సుతో గ్రంథి మామూలుగా ఉబ్బడమూ కావచ్చును. ఏదైనదీ తేల్చవలసినది వైద్యుడు. కుటుంబములో ఈ వ్యాధి ఉన్నవారు 50 ఏండ్లు నిండకముందే ఆయన సలహా పొందడము మంచిది.