కరిగి బొమ్మయ్యే క్రేయాను

విరిగిపోయిన క్రేయాను ముక్కలను మీరేం చేస్తారు? పారేస్తారు కదూ! ఈసారి దాచిపెట్టండి. వాటితో గీత గీయకుండానే బొమ్మ వేయవచ్చు.

చట్రానికి బిగించిన కాన్వాసు ఒకటి తీసుకోండి. దాని పై అంచున క్రేయాన్లను, మొనలు కిందికి ఉండేలా, వరుసగా జిగురుతో అంటించండి. కాగితపు తొడుగులు తీయవద్దు. జిగురు పట్టేది వాటికే. జిగురు బాగా ఆరాక కాన్వాసును గోడకు ఆనించి, కింద పాత కాగితాలు పరచండి. ఇంట్లో పెద్దవారిని దగ్గర ఉంచుకొని, హెయిర్ డ్రయ్యర్‌తో మొనలపైకి వేడిగాలి పంపండి. మంట మాత్రం వాడవద్దు. మైనం అంటుకుంటుంది. కరిగిన చుక్క మీద పడితే చర్మం కాలుతుంది.

కొంతసేపటికి మొనలు మెరుస్తాయి, మెత్తబడతాయి, ఆ తరువాత రంగుల ధారలు జారుతాయి. మంచుగడ్డ ఇలా మెత్తబడదే! కారణమేమిటి? మంచులో ఉన్నవన్నీ ఒకే రకం అణువులు. అందుచేత అది 0 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరుగుతుంది. క్రేయానులో ముఖ్యమైనది పారఫిన్ మైనం. ఇది పెట్రోలియం నుంచి వస్తుంది. ఇందులో పొట్టివి, పొడవైనవి, రకరకాల హైడ్రోకార్బన్ అణువులు కలిసి ఉంటాయి. పొట్టివి ముందు, పొడవైనవి తరువాత పట్టు సడలిస్తాయి. కాబట్టి మామూలు పారఫిన్‌కు కచ్చితమైన ద్రవీభవన స్థానం అంటూ లేదు; సుమారు 50 నుంచి 60 డిగ్రీల మధ్య మెల్లగా కరుగుతుంది.

మరి రంగు? అది కరగనే కరగదు! రంగంటే మైనంలో కలిపిన మెత్తని పొడి. కరిగిన మైనం దాన్ని మోసుకుపోతుంది. కిందికి జారేకొద్దీ ధార చల్లబడి, చిక్కబడి, గడ్డకడుతుంది. మైనం ఆగినచోటే రంగూ ఆగిపోతుంది. అదే మీ బొమ్మ.

ఈ ఉపాయం కొత్తది కాదు. రోమన్ల పాలనలో ఉన్న ఈజిప్టులో, ఫయూమ్ ప్రాంతంలో, చిత్రకారులు తేనెమైనంలో రంగుపొడి కలిపి చెక్కపలకలపై మనుషుల ముఖాలు చిత్రించేవారు. ఆ పలకలను మమ్మీల ముఖాలపై అమర్చేవారు. దాదాపు 1,800 ఏళ్లు గడిచినా ఆ కళ్లు సజీవంగా మనవైపే చూస్తున్నట్లుంటాయి. సమాధులు వాటిని ఎండకు, తేమకు దూరంగా కాపాడాయి.

మీ బొమ్మనూ ఎండ తగలనిచోట తగిలించండి. వేడితో పుట్టినది వేడికే చెడుతుంది.

చివరగా ఒక ప్రయోగం. వేసవి మధ్యాహ్నం నలుపు, తెలుపు క్రేయాన్లను పళ్లెంలో పెట్టి ఎండలో ఉంచండి. ఏది ముందు మెత్తబడింది? ఎందుకో చెప్పగలరా?